అమ్ముగూడ నుంచి జకార్తా దాకా: మన బలరాం

పీకే, చునీ, బలరాం. యాభైలు, అరవైల్లో మన దేశం ఫుట్‌బాల్ జట్టులో ముందు వరసలో ఆడినవాళ్లు. మా చిన్నాయన ఈ మూడు పేర్లూ ఎప్పుడూ కలిపే పలికేవాడు. కానీ మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు కొంచెం పెంచేవాడు. ప్రదీప్ కుమార్ బెనర్జీ, చునీ గోస్వామి బెంగాలీలు. తులసీదాస్ బలరాం మాత్రం మన సికింద్రాబాద్ వాడు. 1936లో కంటోన్మెంట్ పక్కన అమ్ముగూడలో పుట్టాడు. తల్లిదండ్రులది తమిళ కుటుంబం. మా కంటోన్మెంట్ వైపు అది కొత్త కాదు. తెలుగు, తమిళం, ఉర్దూ, ఇంగ్లీషు ఒకే గల్లీలో కలిసిమెలిసి తిరిగిన చోటు అది. బలరాం ఎవరివాడని అడిగితే చిన్నాయన, "లష్కర్ పోరడు, ఇంకేం కావాలె" అనేవాడు. లష్కర్ అంటే మా సికింద్రాబాదే.

నేను బలరాం ఆట కళ్లారా చూడలేదు. ఆయన 1957లో కలకత్తా వెళ్లిపోయే నాటికి నేను పలక మీద అక్షరాలు దిద్దుతున్నాను. ఇప్పుడు వెతికినా దొరికేవి కాసిని నలుపు తెలుపు ఫొటోలే. వరసలో నిలబడ్డ జట్టు, మోకాళ్ల దాకా మేజోళ్లు, నవ్వీ నవ్వని ఒక సన్నటి ముఖం. ఆట మాత్రం అందులో కనబడదు. కాబట్టి నాకు తెలిసిన బలరాం అంతా చూసినవాళ్లు చెప్పిన బలరామే. వాళ్లు చెప్పడమంటే ఊరికే నోటితో చెప్పడం కాదు, లేచి నిలబడి కాళ్లతో చూపించేవాళ్లు.

చిన్నాయన తిరుమలగిరి వైపు మైదానాల్లో బాల్ ఆడినవాడే. పెద్ద ఆటగాడేం కాదు గానీ ఆట తెలిసినవాడు. మా ఇంటి వాకిట్లో రబ్బరు బంతి పెట్టి నన్ను డిఫెండర్‌గా నిలబెట్టేవాడు. గోడకు కొట్టిన బంతి తిరిగి వస్తుంటే ఎడమ కాలు ముందుకు చాపేవాడు. ఇక బంతిని అక్కడే ఆపుతాడని నేను దూకేవాణ్ని. ఆ కాలు బంతికి తగిలేదే కాదు. బంతిని అలాగే పక్కనుంచి పోనిచ్చి, నడుము తిప్పి, కుడి కాలితో అందుకుని నా వెనక ఉండేవాడు. "ఇట్ల చేసేటోడు బలరాం. బాల్ ఆగలేదు చూడు. బాల్ ఆగితే వాడికి టైం దొరుకుతది. ఆగకపోతే ఆడు ఏం జేస్తడు?" ఆ ఒక్క కదలికే పదే పదే చేసి చూపించేవాడు. చూపించిన ప్రతిసారీ ఆయన ముఖం వెలిగిపోయేది.

ఆ రోజుల్లో లష్కర్‌లో ఫుట్‌బాల్ అంటే ఎంత పిచ్చో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. బారకాసుల పక్కన ఖాళీ జాగా ఎక్కడ కనిపించినా రెండు రాళ్లు పెట్టి గోల్ చేసేవాళ్లు. మిలిటరీ జట్లు ఆడుతుంటే చుట్టూ చేరి చూసి, వాళ్లు వెళ్లగానే అదే మైదానంలో వీళ్లు దిగేవాళ్లు. చాలామందికి బూట్లు ఉండేవి కావు. బలరాం ఇంట్లో కూడా బూట్లు కొనే స్తోమత లేదు. ఆయన లాల్ బజార్‌లో చెప్పులు కుట్టేవాణ్ని బతిమాలి, పోలీసులు వాడి పారేసిన పాత బూట్లకు అడుగున స్టడ్స్ కొట్టించుకుని వాటితో ఆడాడని మా వైపు అందరూ చెప్పుకునేవాళ్లు. పోలీసు బూటు ఎంత బరువుంటుందో తొడిగిన వాళ్లకు తెలుస్తుంది. ఆ బరువుతో పరుగెత్తిన కాళ్లకు తర్వాత ఏ బూటైనా తేలికే అయి ఉంటుంది.

బూట్ల సంగతి ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, మన దేశం ఫుట్‌బాల్ కథలో వాటికి పెద్ద చోటే ఉంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడి ఫ్రాన్స్‌తో 1-2 తేడాతో ఓడారు. అందరూ మెచ్చుకున్నారు. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడినప్పుడు మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. బలరాం తరం ఆ మార్పు తర్వాత వచ్చిన తరం. బూటుతో పరుగెత్తాలి, బూటుతోనే బంతిని మెత్తగా తాకాలి. ఉత్త కాళ్ల నాటి మెరుపు పోకూడదు. అది చెయ్యగలిగిన వాళ్లే తర్వాతి పదేళ్లు దేశాన్ని నిలబెట్టారు.

వాళ్లను తయారు చేసింది సయ్యద్ అబ్దుల్ రహీం. మా చిన్నాయనకు ఎప్పటికీ 'రహీం సాబ్' తప్ప వేరే పేరు లేదు. వృత్తికి టీచరు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు బొంబాయి వెళ్లి 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలుచుకొచ్చింది. బలరాంని చూసి రమ్మన్నది రహీం సాబే. అమ్ముగూడ ఎక్కడ, హైదరాబాద్‌లో ఫతే మైదాన్ ఎక్కడ! రోజూ వచ్చిపోవడానికి డబ్బుల్లేవని కుర్రాడు చెబితే, కిరాయి సైకిలుకు డబ్బులు తానే ఇచ్చి రప్పించుకున్నారట. తిరుమలగిరి, సికింద్రాబాద్, ట్యాంక్‌బండ్ మీదుగా ఆ కిరాయి సైకిలు తొక్కుతూ వెళ్తున్న పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ని నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో. ప్రాక్టీసుకు ముందే అంత దూరం సైకిలు, ప్రాక్టీసు అయ్యాక మళ్లీ అంత దూరం.

రహీం సాబ్ పెట్టే మ్యాచ్‌లు కూడా వింతగా ఉండేవని చిన్నాయన చెప్పేవాడు. ఒకసారి డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి రాగానే పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకోసారి అలవాటు లేని కాలితోనే ఆడాలి. కుడి కాలి వాడు పొరపాటున కుడి కాలు వాడితే ఫౌల్. బలరాం ఏ కాలి ఆటగాడో డిఫెండర్లకు అంతుబట్టకపోవడం ఆ బడిలో నేర్చిన విద్యే. లెఫ్ట్ ఔట్‌గా ఆడమన్నా, ఇన్‌సైడ్ లెఫ్ట్‌గా ఆడమన్నా, సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టినా ఆయనకు ఒక్కటే. పీకే అంటే కుడి అంచు మీది వేగం, తుపాకీ గుండు లాంటి షాట్. చునీ అంటే డ్రిబ్లింగ్ అందం. బలరాం దగ్గర ఈ రెండూ ఉండటమే కాక, వెనక్కి దిగి బంతిని తెచ్చుకునే కష్టం కూడా ఉండేది. ముగ్గురిలో సంపూర్ణమైన ఆటగాడు బలరామే అని నా నమ్మకం. మావాడని అంటున్నానని అనుకోకండి, బెంగాల్‌లో కూడా ఈ మాట అనేవాళ్లను చూశాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్. రహీం సాబ్ కోచ్. జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం. ఒక్క ఊరి నుంచి ఇంతమంది! హంగరీ రాకపోవడంతో మొదటి మ్యాచ్ వాకోవర్. తర్వాత ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా ఆ మ్యాచ్‌లో హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీస్‌లో అదే యుగోస్లావియా. మొదటి గోల్ మనది, చివరికి 1-4. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానం. హెల్సింకీ జరిగి నాలుగేళ్లే అయింది, అంతలోనే ఇంత దూరం వచ్చాం. బలరాంకు అప్పుడు ఇరవై ఏళ్లు. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ 1956-57లో గెలిచింది, మరుసటి ఏడు మళ్లీ గెలిచింది.

తర్వాత కలకత్తా పిలిచింది. అప్పట్లో ఫుట్‌బాల్ ఆడేవాడికి కలకత్తాయే చివరి పరీక్ష. ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు మన వైపు ఆటగాళ్లు కొత్త కాదు. అంతకు ముందే వాళ్ల 'పంచపాండవుల్లో' ఒకడు మన ఆంధ్ర అప్పారావు. 1957లో బలరాం ఆ ఎరుపు పసుపు చొక్కా తొడిగాడు. 1961లో ఆయన కెప్టెన్‌గా ఉండగా కలకత్తా లీగ్ ఈస్ట్ బెంగాల్‌దే, ఐఎఫ్ఏ షీల్డ్ మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు. ఆ ఏడు లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది కూడా కెప్టెనే. తెలుగు నేల మీద నుంచి వెళ్లిన కుర్రాడు కలకత్తాలో అంత పెద్ద క్లబ్‌కు కెప్టెన్ కావడం, ఆ జనం అతన్ని తమవాడిగా నెత్తిన పెట్టుకోవడం చిన్న విషయం కాదు.

అది ఎంత పెద్ద విషయమో నాకు కలకత్తా వెళ్లినప్పుడు తెలిసింది. ఎనభైల్లో ఆఫీసు పని మీద వెళ్లాను. అక్కడ రిటైర్మెంట్‌కు దగ్గర పడ్డ ఒక గుమాస్తా బాబు నా కాగితాలు చూస్తూ ఎక్కడి నుంచి వచ్చారని అడిగారు. హైదరాబాద్ అన్నాను. పెన్ను కింద పెట్టి, "బలరామ్!" అన్నారు. చార్మినార్ అనలేదు, బిర్యానీ అనలేదు. సికింద్రాబాద్‌లో మా ఇల్లు అమ్ముగూడకు ఎంతో దూరం లేదని చెప్పగానే కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. చాయ్ తెప్పించారు. తాగేశాక మట్టి కప్పుల్ని బల్ల మీద బోర్లించి, ఇది పీకే, ఇది చునీ, ఇది బలరాం అంటూ ముగ్గురినీ నిలబెట్టారు. ఫైలు మీది రబ్బరు ముద్ర డిఫెండర్. బంతి లేదు, వేలితో గీత గీస్తూ చెప్పారు. పీకేకి బంతి వస్తే గ్యాలరీలో జనం గోల్ వైపు చూసేవారట. చునీకి వస్తే చునీనే చూసేవారట. బలరాంకు వస్తే మాత్రం ఎటు చూడాలో తెలిసేది కాదట, ఎందుకంటే బంతి ఎటు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు.

ఆయన మోహన్ బగాన్ అభిమాని. అంటే బలరాం ఆయనకు ఎదుటి జట్టు వాడు. ఆ మాట చివర్లో చెప్పి, "అయినా ముగ్గురిలో ముందు ఎవరంటే బలరామే" అన్నారు. ఆ సాయంత్రం హోటల్‌కు వెళ్లగానే చిన్నాయనకు ఉత్తరం రాశాను. ఆ ఉత్తరాన్ని ఆయన చాన్నాళ్లు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడని పిన్ని తర్వాత చెప్పింది.

1960 రోమ్ ఒలింపిక్స్ గురించి మనవాళ్లు తక్కువగా మాట్లాడతారు, పాయింట్ల పట్టికలో కింద ఉన్నాం కాబట్టి. కానీ మన గ్రూపులో ఎవరున్నారో చూడండి. హంగరీ, ఫ్రాన్స్, పెరూ. హంగరీ జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు, తర్వాతి కాలంలో యూరప్‌లోనే మేటి ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్న మనిషి. ఆ హంగరీ మీద 1-2తో ఓడాం, మన ఒక్క గోల్ బలరాంది. ఆ హంగరీయే చివరికి కాంస్యం గెలిచింది. ఫ్రాన్స్‌తో 1-1. పీకే గోల్ కొట్టాక గెలుపు చేతి దాకా వచ్చి, చివర్లో జారిపోయింది. పెరూతో 1-3, అక్కడా మన గోల్ బలరాందే. మూడు మ్యాచ్‌ల్లో మనం కొట్టిన మూడు గోల్స్‌లో రెండు అమ్ముగూడవే. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఆడటం అదే ఆఖరు. ఆ తర్వాత ఇప్పటి దాకా అర్హతే రాలేదు.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలు. నేను అప్పుడు ఆరో తరగతి. ఇది మాత్రం నాకు బాగా గుర్తుంది.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. చిన్నాయన ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో కొట్టాం. రెండు మ్యాచ్‌ల్లోనూ బలరాం గోల్ ఉంది. కానీ థాయిలాండ్ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. మన డిఫెన్స్‌కు కొండలాంటి మనిషి. రహీం సాబ్ అప్పుడు ఎవరూ ఊహించని పని చేశారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను వెనక కాకుండా ముందు, సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచాం. రెండు గోల్స్ చునీవి, ఒకటి జర్నైల్‌ది.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే కొరియా. స్టేడియంలో లక్ష మంది. వాళ్లంతా మనకు ఎదురు తిరిగిన లక్ష మంది. ఇజ్రాయెల్‌కూ తైవాన్‌కూ ఇండోనేషియా వీసాలు ఇవ్వకపోవడాన్ని మన క్రీడాధికారి జి.డి. సోంధి తప్పుపట్టడంతో ఊరంతా మన మీద మండిపడుతోంది. మన ఆటగాళ్ల కాలికి బంతి తగిలితే చాలు, కేకలు. ఆ గోలలో మనకు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టు అంటే ఇప్పుడు ఎవరైనా నమ్ముతారా? గోల్‌కీపర్ తంగరాజ్‌కు ఒంట్లో బాగాలేదు. కోచ్ రహీం సాబ్ క్యాన్సర్‌తో ఉన్నారు. అలాంటి జట్టు పదిహేడో నిమిషంలో పీకే గోల్‌తో, ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ గోల్‌తో ముందుకు పోయింది. కొరియాకు చివర్లో ఒక్కటి దొరికింది. 2-1. బంగారు పతకం.

రాత్రి వార్తల్లో విన్నాడు చిన్నాయన. ఎదురింట్లో రేడియో ఉండేది, వాళ్ల అరుగు మీద కూర్చుని ఉన్నాం. వార్త చదవడం పూర్తి కాకముందే లేచి పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చి మా నాయనమ్మను లేపాడు. పాపం ఆమెకు ఫుట్‌బాల్ అంటే ఏం తెలుసు? "మన అమ్ముగూడ పిల్లగాడు గెలిచిండే అమ్మా" అన్నాడు. ఆమె, "వాళ్లమ్మకు చెప్పిండ్రా?" అని అడిగింది. మర్నాడు ఇరానీ హోటల్లో ఆయన స్నేహితులందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. నాకూ ఒక పౌనా, అంటే ముప్పావు కప్పు చాయ్, వచ్చింది. పేపర్ కోసం ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటుంటే మధ్యలో చిరిగింది. అక్టోబర్ వచ్చేసరికి చైనా యుద్ధం మొదలైంది, జనం ఇంకేవీ మాట్లాడుకోవడం మానేశారు. ఆ బంగారు పతకం దక్కాల్సినంత సంబరం దానికి దక్కలేదని నాకు ఇప్పటికీ బాధే. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. అరవై ఏళ్లు దాటింది.

1963 మా ఇంటికి చెడ్డ ఏడాదిలా ఉండేది, మాకు సొంతంగా ఏమీ జరగకపోయినా. జూన్ 11న రహీం సాబ్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. జకార్తా నుంచి వచ్చి ఏడాది కూడా తిరగలేదు. అదే ఏడు బలరాంకు ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది, ప్లూరిసీ అన్నారు. ఆట ఆపెయ్యాలన్నారు. ఇరవై ఏడేళ్లు. ఫార్వర్డ్‌కు కాళ్లూ బుర్రా రెండూ ఒకేసారి పండే వయసు అది. అప్పటికి ఆయన అర్జున అవార్డు గ్రహీత, రెండు ఒలింపిక్స్ ఆడినవాడు, ఆసియా బంగారం తెచ్చినవాడు. ఆ వయసులో ఊపిరి ఆడక మైదానం వదిలి రావడం ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ పూర్తిగా ఆలోచించలేకపోయాను. ఇంకో నాలుగేళ్లు ఆడి ఉంటే అని చిన్నాయన మొదలుపెట్టేవాడు, ఆ వాక్యం మాత్రం ఎప్పుడూ పూర్తి చెయ్యలేదు.

బలరాం సికింద్రాబాద్‌కు తిరిగి రాలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో స్థిరపడ్డారు. పెళ్లి చేసుకోలేదు. కలకత్తాలో కుర్రాళ్లకు ఆట నేర్పారు. చునీకి పద్మశ్రీ వచ్చింది, పీకేకీ వచ్చింది. బలరాంకు రాలేదు. ఆ బాధను ఆయన దాచుకోలేదు, అడిగిన పేపర్ల వాళ్లకు చెప్పారు. చెప్పడమే న్యాయం. ముగ్గురి పేర్లూ కలిపి పలికిన దేశం, ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఇద్దరి దగ్గరే ఎందుకు ఆగిందో నాకు ఏ రోజూ అర్థం కాలేదు.

2020 మార్చిలో పీకే పోయారు, ఏప్రిల్‌లో చునీ. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో బలరాం. ఎనభై ఆరేళ్లు. ఆ రోజు నాకు మొదట ఫోన్ వచ్చింది మన ఊరి నుంచి కాదు, కలకత్తాలో ఉంటున్న మా మేనల్లుడి నుంచి. "మామయ్యా, ఇక్కడ ఆఫీసులో అందరూ మాట్లాడుకుంటున్నారు, ఈయన మన సికింద్రాబాద్ ఆయనేనట కదా?" అన్నాడు. అవునురా అని చెప్పి, ఆ రాత్రి గంటసేపు చిన్నాయన చెప్పిన సంగతులన్నీ వాడికి చెప్పాను. చిన్నాయన అప్పటికే లేడు. వాకిట్లో నడుము తిప్పి చూపించిన మనిషీ లేడు, మట్టి కప్పులతో చూపించిన బాబు కూడా ఉండి ఉండరు. బలరాంను మైదానంలో చూసినవాళ్లు మన దగ్గర ఇంకా ఎవరైనా ఉంటే ఇప్పుడు వాళ్లకు ఎనభై దాటి ఉంటాయి. మీ ఇంట్లో తాతయ్యో, పెదనాన్నో అలాంటి వాళ్లుంటే ఇవాళే కూర్చోబెట్టి అడగండి, ఫోన్‌లో రికార్డు చెయ్యండి.

నాకు ఒక్క కోరిక ఉంది. అమ్ముగూడ స్టేషన్ దగ్గరో, లాల్ బజార్ వైపో, పిల్లలు రోజూ ఆడుకునే ఒక మైదానానికి తులసీదాస్ బలరాం పేరు పెట్టాలి. పెద్ద స్టేడియం అక్కర్లేదు, రెండు గోల్ పోస్టులు ఉంటే చాలు. బోర్డు మీద పేరు కింద మెల్‌బోర్న్ 1956, రోమ్ 1960, జకార్తా 1962 అని రాయాలి. పక్కనే రహీం సాబ్ పేరు కూడా ఉండాలి. ఆ బోర్డు తెలుగులోనూ ఉర్దూలోనూ తమిళంలోనూ రాస్తే మా కంటోన్మెంట్ వాళ్లందరికీ చదువుకోవడానికి వీలుగా ఉంటుంది.